వేసవి రాని సంవత్సరము

1815 ఏప్రిల్ 10వ తేదీన, నేటి ఇండోనీషియాలోని సుంబావా దీవియందు తంబోరా అను అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. సుమారు 4,300 మీటర్ల ఎత్తుండెనని తలచబడు ఆ కొండ 2,850 మీటర్లకు కుంగిపోయెను. ఆ దీవిలోని పొలములు బూడిదలో మునిగెను. అచ్చటను, పొరుగున నున్న లొంబోక్ దీవిలోను వేలకొలది జనులు ఆకలికి బలియైరి. ఇది దాపున జరిగిన నష్టము. దూరదేశముల నష్టము మరుసటి యేట బయటపడెను.

కొండనుండి లేచిన గంధకపు వాయువు మేఘములను దాటి పైకిపోయి, అతిసూక్ష్మములైన బిందువులుగా మారి భూగోళమంతట వ్యాపించెను. మేఘములకు పైన నుండుటచే వానలు దానిని కడిగివేయజాలవు. సూర్యరశ్మిలో కొంత వెనుకకు మరలెను. భూమి సగటు వేడి తగ్గినది ఒక డిగ్రీలోపే. ఇంత స్వల్పమునకు అంత కీడు కలుగునా యని సందేహము రావచ్చును. పైరును చంపునది ఏడాది సగటు కాదు; మొలక లేతగా నున్నప్పుడో, గింజ పాలు పోసికొనునప్పుడో వచ్చిన ఒక్క రాత్రి చలి చాలును.

1816 జూన్ 6న, తెలుగునాట రైతులు తొలకరికై ఎదురుచూచు దినములలో, అమెరికా ఈశాన్యమున న్యూ ఇంగ్లండు ప్రాంతమందు మంచు కురిసెను. జూలైలోను ఆగస్టులోను గడ్డకట్టు చలి మరల వచ్చెను. మనుష్యులకు తిండియు పశువులకు మేతయు నైన మొక్కజొన్న నాశనమయ్యెను. తిరిగి విత్తినవారి పైరును తరువాతి చలి తినివేసెను. ఎండుగడ్డి దొరకక పశువులను అయినకాడికి అమ్ముకొనిరి. వెర్మాంటు కొండచేలను విడిచి వేలమంది పడమట ఒహాయో, ఇండియానాల వైపు బండ్లు కట్టిరి. ఆ చేల సారము మునుపే తరుగుచుండెను గనుక, చలి వారి ప్రయాణమును తొందరపెట్టెననుటయే న్యాయము. వారు చేరిన నేలలును ఎవరికిని చెందని బీళ్ళు కావు. తరతరములుగా అచ్చట నివసించిన ఆదివాసుల చేజారుచున్న నేలలు. ఒకరి పంటనష్టము మరియొకరి భూమినష్టముతో కలిసిన ఈ సంగతిని వలసల కథలు చెప్పువారు తరచు దాటిపోవుదురు.

చైనాలోని యునాన్ రాష్ట్రమున వరి కంకులు చలికి తాలువోయెను. మన్ను తినినవారును, బిడ్డలను అమ్ముకొనినవారును కలరు.

యూరపులో చలికి ఎడతెగని వానలు తోడయ్యెను. జర్మను దేశపు వుర్టెంబర్గు రాజ్యమున 1817 నాటికి ధాన్యపు వెల రెట్టింపునకు మించెను. రొట్టెపిండిలో రంపపుపొట్టు కలుపుకొనిరి. రాణి కాతరీనా అన్నార్తులకై ధర్మసంఘములను నెలకొల్పెను. రాజు విల్హెల్ము అంతటితో తృప్తిపడలేదు. 1818లో హోహెన్‌హైమున వ్యవసాయ పాఠశాలను స్థాపించి, అదే సెప్టెంబరులో కాన్‌స్టాట్టున రైతుల ప్రదర్శనము నేర్పరచి మేలుజాతి పశువులకు బహుమతు లిప్పించెను. ఆ పాఠశాల నేడు విశ్వవిద్యాలయము. ఆ ప్రదర్శనము పెద్ద తిరునాళ్ళుగా నేటికిని జరుగుచున్నది.

వేసవి ఏల రాలేదో ఆనాటి రైతులలో నెవ్వరికిని తెలియదు. తంబోరాకును ఆ చలికిని గల సంబంధమును శాస్త్రజ్ఞులు గట్టిగా ప్రతిపాదించినది 20వ శతాబ్ది తొలిభాగముననే. వెర్మాంటు విడిచినవారిలో పలువురు, ఎండలు మరల కాసినను, తమ కొండచేలకు తిరిగి రాలేదు.