పుట్టినరోజు విందు : తిథియు, తేదీయు

ఇంటికి వచ్చినవారికి అన్నము పెట్టుట తెలుగువారి గృహధర్మములలో మొదటిది. అట్లు వచ్చినవానిని అతిథి యందుము. రాకకు తిథినియమము లేనివాడు గనుక అతడు అతిథి యని పూర్వులు ఈ పదమునకు వ్యుత్పత్తి చెప్పిరి. పుట్టినరోజు విందు ఇందులకు భిన్నమైనది. ఈ విందునకు మూలమే ఒక తిథి. ఆ దినము ఇంటివారికి తెలిసియుండవలెను. ఏటేట అది ఎప్పుడు వచ్చునో లెక్కింపవలెను. బంధుమిత్రులను ఆ దినమునకే పిలువవలెను. కావున పుట్టినరోజు విందు చరిత్ర కేవలము వంటకముల చరిత్ర కాదు. దినమును గుర్తుంచుకొను సాధనముల చరిత్రయు అందులో ఇమిడియున్నది. ఆ సాధనములు ఎవరి యధీనమున నుండెను, ఎవరికి అందలేదు అను ప్రశ్నను మన్ననూరు ప్రాంతము నాధారముగా గొని విచారించుట ఈ వ్యాసము నుద్దేశము.

మన్ననూరు నల్లమల యంచున, హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు మార్గమున నున్న గ్రామము. పూర్వము మహబూబునగరు జిల్లాలోనిదై, 2016 అక్టోబరునుండి నాగరుకర్నూలు జిల్లాలో చేరినది. శ్రీశైలమునకు ఉత్తరద్వార మనదగిన ఉమామహేశ్వరము దీనికి సమీపముననే యున్నది. పశ్చిమద్వారమగు అలంపురము నేటి గద్వాల జిల్లాలోనిది. గద్వాల, వనపర్తి సంస్థానములు పండిత సత్కారములకు పేరొందినవి. అమ్రాబాదు పీఠభూమి చెంచుల నివాసము. ఇట్లు పంచాంగము నెరిగిన పండితగృహములు, సేద్యమే జీవికయైన పల్లెలు, అడవినే నమ్మిన పెంటలు – ఈ మూడును ఈ సీమయందు ఇరుగుపొరుగున కనబడును. జన్మదినమును మూడు వర్గములవారు మూడు విధములుగా చూచిరి. గద్వాల సీమవారే యగు సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధములను ప్రక్కనుంచి జనుల తిండి, బట్ట, ఆటపాటలను చరిత్రకు సామగ్రిగా గ్రహించుట నేర్పినది. ఈ విచారణకు దారి అదియే.

ఇంట విందుచేసి జన్మదినమును గౌరవించుట ప్రాచీనకాలమునుండి లోకమున నున్న ఆచారము. క్రీస్తుపూర్వము అయిదవ శతాబ్దమునాటి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు పారసీకులను వర్ణించుచు, వారు అన్ని దినములకంటె తమ జన్మదినమునే ఎక్కువగా మన్నింతురనియు, ఆనాడు మిక్కిలిగా వండించి వడ్డింతురనియు వ్రాసెను. ధనికులు ఎద్దును, గుఱ్ఱమును, ఒంటెను నిలువునా కాల్పించెదరనియు, పేదలు చిన్న జంతువులతో సరిపెట్టుకొందురనియు అతడు చెప్పినాడు. క్రీస్తుశకము 100 ప్రాంతమున, బ్రిటను ఉత్తర సరిహద్దునందలి విందొలాండా కోటలో నున్న సుల్పీషియా లెపిడీనా యను సేనాధికారి భార్యకు, క్లాడియా సెవేరా యను మరియొక సేనాధికారి భార్య సెప్టెంబరు 11వ తేదీన తన పుట్టినరోజునకు రమ్మని చెక్కపలకపై లేఖ పంపెను. చివరి పంక్తులు ఆమె స్వహస్తముతో వ్రాసినవి. ఆ పలక నేడు బ్రిటిషు మ్యూజియమున కలదు. చెలికత్తె నొకతెను ఇంటికి పిలుచుటయే ఆ లేఖలోని విషయము. కాని ఆ పిలుపునకు మూడు వస్తువులు కావలసివచ్చినవి: తన పుట్టిన తేదీ తెలియుట, ఇరువురకును ఒకే పంచాంగ ముండుట, వ్రాయను చదువను నేర్చియుండుట. సైన్యపు లెక్కలతో సంబంధము గల కుటుంబమునకు ఆ మూడును సమకూడినవి. కోట వెలుపలి పల్లెలలోని స్త్రీల పుట్టిన దినములు మనవరకు రాలేదు.

మన దేశమునందును జన్మదినము మొదట రాజుల వ్రాతలలోనే స్థిరముగా కనబడును. బాణుడు హర్షచరితమున హర్షుడు జ్యేష్ఠ బహుళ ద్వాదశినాడు, కృత్తికా నక్షత్రమున జన్మించెనని చెప్పినాడు. తంజావూరు శాసనములు రాజరాజచోళుని జన్మనక్షత్రమగు శతభిషమునాటి ఉత్సవమును పేర్కొనుచున్నవి. మొగలు చక్రవర్తులు జన్మదినమున తులాభారము తూగి, ఆ ద్రవ్యమును దానము చేయుచుండిరి. అక్బరు సౌరమానమున ఒకమారు, చాంద్రమానమున ఒకమారు తూగెడివాడు. 1617లో జహంగీరు తులాభారమును ఆంగ్లరాయబారి తామస్ రో కన్నులార చూచెను. పారసీకమున ‘సాల్’ అనగా సంవత్సరము, ‘గిరహ్’ అనగా ముడి. ఏడాదికొక ముడి చొప్పున దారమునకు వేయు ఆచారమునుండి ‘సాలగిరా’ యను పేరు పుట్టినది. 1886 ఏప్రిలులో జన్మించి, 1911లో గద్దెనెక్కిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను సాలగిరా హైదరాబాదు రాజ్యమున ఉత్సవముగా జరుగుచుండెడిది. ఆ దారపు ముడి వయస్సును లెక్కించుటకు అక్షరము నవసరపడని సాధనమగుట గమనింపదగినది. ఐనను మొదటి ముడి యేనాడు వేయవలెనో తెలిపెడివాడొకడు కావలెను.

పండితగృహములలో ఆ పని జాతకచక్రము చేసినది. పుట్టిన తిథియో, జన్మనక్షత్రమో గుర్తుగా గొని, ఆనాడు తలంటిపోసి, క్రొత్తబట్ట కట్టించి, దేవునిముందు దీపము పెట్టి, చిరంజీవులను స్మరించి, మార్కండేయుని ప్రార్థించి, నువ్వులు బెల్లము కలిపిన పాలు త్రాగించుట ధర్మశాస్త్రానుసారియైన విధి. పిమ్మట పెద్దలు అక్షతలు వేసి దీవింతురు. పరమాన్నమో, పాలమూరు సీమలో భక్ష్యములో చేసి, దగ్గరివారికి వడ్డింతురు. ఇచ్చట విందు ఆశీర్వచనమునకు అంగము. ఆయుర్దాయమును కోరుటకు పెద్దలు రావలెను. వచ్చినవారు తినకుండ పోరాదు. కానుక తీసికొనుట కంటె దీవెన తీసికొనుట ఇందు ముఖ్యము.

సేద్యపుటిండ్లలో పరిస్థితి వేరు. అచ్చట బిడ్డ పుట్టుకను గౌరవించు విందులు లేకపోలేదు. పైగా అవి ఒకటికి నాలుగు కలవు. పురుటినాడు మంత్రసానికి, చాకలికి పెట్టుబడులు పెట్టి అన్నము పెట్టుదురు. ఇరువది యొకటవ దినమున బిడ్డను తొట్టెలలో వేసి, పేరు పెట్టి, మేనమామను, మేనత్తను, వాడకట్టువారిని పిలిచి భోజనము పెట్టుదురు. అన్నము ముట్టించునాడును, పుట్టువెండ్రుకలు తీయించునాడును మరల బంధువులు కూడుదురు. ఐతే ఇవన్నియు ఒక్కసారి జరిగి ముగియునవి. ఏటేట తిరిగి వచ్చునవి కావు. అందువలన వీటికి పంచాంగము నవసరము స్వల్పము. వ్రేళ్ళమీద ఇరువదియొక దినములు లెక్కించుట ఏ తల్లికైనను సాధ్యమే.

ఈ విందులకు మరియొక ప్రయోజనము కలదు. వ్రాతలేని సంఘమున బిడ్డ పుట్టెననుటకు సాక్షులు ఆ పంక్తిలో కూర్చుండి భోజనము చేసినవారే. బిడ్డకు పేరేమి, తండ్రి యెవడు, మేనమామ యెవడు, ఏ యేటివాడు అను విషయములు తొట్టెలనాటి పంక్తిలో నలుగురి యెదుట స్థిరపడును. తరువాత వయస్సు చెప్పవలసివచ్చినపుడు గత్తర వచ్చిన యేడనియో, మూసీకి వరద వచ్చిన యేడనియో, పోలీసుచర్య నాటికి పాలుత్రాగు బిడ్డ యనియో పెద్దలు చెప్పెడివారు. హైదరాబాదువారి వరద 1908 నాటిది. పోలీసుచర్య 1948 సెప్టెంబరు నాటిది. ఇట్టి గుర్తులవలన సంవత్సరము తెలియును గాని దినము తెలియదు. దినమునకు వారికి పనియు లేకుండెను.

ఐనచో సామాన్యుల యిండ్లలో ఏటేట తిథిని లెక్కించి చేసిన భోజనమే లేదా? కలదు, అది పుట్టినవారిది కాదు, పోయినవారిది. ‘ఆ దినము’ అను నర్థముగల తద్దినమను పదమే అందులకు సాక్ష్యము. విశేషమేమనగా, మృతతిథి తెలియనివారి విషయమున మన సంప్రదాయము మౌనముగా నుండలేదు. భాద్రపద బహుళ అమావాస్యను, తెలంగాణమున పెత్తరమాస యను దినమును, తిథి యెరుగని పితరులందరికిని ఉమ్మడిగా కేటాయించినది. దినము పోగొట్టుకొన్నవానికి అన్నము పోగొట్టరాదను ధర్మము ఇందు కానవచ్చును. తిథి యన్నమునకు సహాయమే గాని అర్హత కాదని ఆ సంప్రదాయము తీర్పు.

అమ్రాబాదు పీఠభూమిలోని చెంచుల జీవితమును 1940లో వారినడుమ నివసించి పరిశీలించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫు 1943లో వారినిగూర్చి గ్రంథము ప్రకటించెను. గడ్డలు త్రవ్వి, తేనె తీసి, ఇప్పపువ్వు ఏరి, ఏనాటి తిండి ఆనాడు సంపాదించుకొను జీవిక ఆ గ్రంథమున వర్ణితమైనది. ఏటేట జన్మదినము చేసి ముందుగా బంధువులను పిలుచుటకు ఇంట నిలువయున్న ధాన్యము, వ్రాసియున్న పంచాంగము రెండును కావలెను. నిలువ లేని యింట విందునకు దినము నిర్ణయించునది అడవియే. తేనె దొరికిననాడే పండుగ. శ్రీశైల మల్లికార్జునుని చెంచు మల్లయ్య యని పిలిచి, తమ యింటి యల్లునిగా భావించుకొన్న జనమిది. దేవునినే చుట్టరికములో చేర్చుకొన్నవారికి ఆతిథ్యము తెలియదనుట పొసగదు. వారికి లేనిది విందు కాదు, తేదీ.

తేదీ ఈ సీమకు ఒక్కమారుగా రాలేదు. నిజాము రాజ్యమున ఇండ్లలో తిథియు, మసీదులలో హిజ్రీయు, కచేరీలలో ఫసలీయు నడచినవి. ఫసలీ సంవత్సరమునకు మాసమునుబట్టి 590గాని, 591గాని కూడినచో ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. హైమెండార్ఫు అమ్రాబాదున నున్న 1940వ సంవత్సరపు వేసవిలో పుట్టిన బిడ్డ కచేరీ లెక్కలో 1349 ఫసలీ నాటిది. ఒకే బిడ్డకు మూడు నాలుగు జన్మదినము లుండుటకు వీలుండెను. ఏ పుస్తకమునను ఒక్కటియు లేకుండుటకు అంతకంటె వీలుండెను.

ఈ స్థితిని మార్చినది బడి. పేరు నమోదు చేసికొనుటకు ఉపాధ్యాయుడు పుట్టిన తేదీ అడిగెను. ఇంటివారు చెప్పలేనిచోట తానే యొకటి వేసెను. బడి తేదీ నిచ్చుటయే గాక మిత్రులను గూడ ఇచ్చినది. అంతవరకు విందునకు వచ్చువారు చుట్టములు, వాడకట్టువారు. ఇప్పుడు ఒకే తరగతిలో కూర్చున్న, కులమును చుట్టరికమును వేరైన పిల్లలు ఒకే యింట కూర్చుండి తినుట మొదలైనది. తలంటు, హారతి ఉదయమునకు మిగిలినవి. సాయంకాలమునకు కేకు, క్రొవ్వొత్తులు వచ్చినవి. వెలిగించుటకు మారుగా ఆర్పుట యేమని పెద్దలు కొందరు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ సబబే కావచ్చును. కాని పంక్తి విశాలమైనదను లాభమును అందు మరువరాదు.

ఇంతకంటె గురుతరమైన విషయము వేరొకటి కలదు. జననమరణముల నమోదు చట్టము 1969లో వచ్చినది. 2023లో దానికి చేసిన సవరణవలన, ఆ సంవత్సరము అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో చేరుటకును, ఓటరు జాబితాకును, ఉద్యోగమునకును జననపత్రమే ప్రమాణము. 2023 నవంబరు 15న, అనగా బిర్సా ముండా జన్మదినముననే, అత్యంత బలహీన గిరిజన సమూహముల కొరకై కేంద్రప్రభుత్వము జన్‌మన్ పథకము నారంభించినది. ఆ సమూహములలో చెంచులు నొకరు. చెంచుల యభివృద్ధికై ఏర్పడిన సంస్థ కార్యాలయము మన్ననూరుననే కలదు. మహాపురుషుని పుట్టినరోజున ఆరంభమైన పథకమునకు చేరుకొనుటకును, తన పుట్టినరోజు చెప్పగల పత్రము చేతనుండవలెను. తెలియనివారికి జనవరి 1 వంటి తేదీ వేయుట దేశమంతటను నడచిన పద్ధతి. పెత్తరమాసవలె ఇదియు తిథి యెరుగనివారికి ఉమ్మడి దినమే. భేదమేమనగా, పెత్తరమాసనాడు ఇల్లు వంట చేసి పేరుపేరున పిలుచును. కాగితముపై ఉమ్మడి తేదీ వేసినవారిని పిలుచువారు లేరు. పైగా వయస్సులో వచ్చిన తప్పు పింఛనునకో, చదువునకో అడ్డు తగిలినచో దానిని దిద్దించుకొనుట పేదవానికి పెద్దపని.

ఇచ్చట ఒక సామ్యమును గమనింపవలెను. జననమును నమోదు చేయుటకు చట్టమిచ్చిన సాధారణ గడువు ఇరువది యొక దినములు. తెలంగాణపు టిండ్లలో తొట్టెల విందు జరుగునదియు ఇరువది యొకటవ దినముననే. ఇది యాదృచ్ఛికమే కావచ్చును. ఐనను పేరు, తల్లిదండ్రులు, సాక్షులు, దినము – పుస్తకము కోరు నాలుగును ఆ పంక్తిలో అప్పటికే సిద్ధముగా నున్నవి. నమోదు చేయువాడు కచేరీలో కూర్చుండి బిడ్డకై ఎదురుచూచుట కంటె, ఆనాటి పంక్తికి వచ్చి వ్రాసికొనుట సులభము. పెంటలలో తొట్టెల లేనిచోట, వారికి గల కూడికనే అందులకు గ్రహింపవచ్చును.

పుట్టినరోజు విందు నేడు మన్ననూరునను, మహానగరమునను అందరి యింటి వేడుకయై యుండవచ్చును. దాని వెనుక రాజుల శాసనములు, పండితుల జాతకములు, కచేరీల పుస్తకములు, బడి చిట్టాలు కలవు. ఆ వ్రాతలకు అందనివారి సాక్ష్యము పురుటి కూడు, తొట్టెల పంక్తి, పెత్తరమాస విస్తరి యను నాచారములలో నున్నది. ఈ సీమలో పరిశోధన చేయువారు తేదీల కొరకు దఫ్తరములను వెదకుటతోపాటు, ఏ విందున ఎవరెవరు కూర్చుండిరో ముసలివారిని అడిగి వ్రాసికొనుట యవసరము. ఆ ముసలివారిలో పలువురకు తమ పుట్టిన దినము తెలియదు. కాని ఊరిలో ఎవరి తొట్టెలనాడు తామేమి తినిరో వారు చెప్పగలరు.