‘పార్టీ స్కూల్’ మూస: అమెరికా కళాశాల విద్యార్థి జీవనంపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికా కళాశాల విద్యార్థి అనగానే మద్యం, విందులు, చదువు పట్ల నిర్లక్ష్యం కలగలిసిన ఒక బొమ్మ లోకం కళ్ల ముందు నిలుస్తుంది. ఆ బొమ్మ ఎలా రూపుదిద్దుకుంది, గణాంకాల ముందు ఎంతవరకు నిలుస్తుంది, దాన్ని నమ్మినందువల్ల ఎవరికి నష్టం కలుగుతోంది అనే ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఉన్నతవిద్యా చరిత్ర, విద్యార్థి సంస్కృతి, మూస అభిప్రాయం, మద్యపానం, అమెరికా విశ్వవిద్యాలయాలు.

ఉపోద్ఘాతం

1987 జనవరిలో ప్లేబాయ్ పత్రిక ‘పార్టీ కళాశాల’ల జాబితాను ప్రచురించి, కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయపు చీకో ప్రాంగణానికి ప్రథమస్థానం కట్టబెట్టింది. ఆ వసంతంలోనే అక్కడ ఏటా జరిగే పయొనీర్ డేస్ ఉత్సవం అల్లర్లకు దారితీయడంతో విశ్వవిద్యాలయం దాన్ని రద్దు చేసింది. జాబితా వల్లనే అల్లర్లు జరిగాయని తేల్చి చెప్పలేం. అయితే ఒక చోటుకు పేరు పడ్డాక, ఆ పేరు విని వచ్చేవారి స్వభావం కూడా మారుతుంది. మూస అభిప్రాయాన్ని కేవలం నిజం, అబద్ధం అనే కొలతతో తూచడం ఎందుకు చాలదో ఈ ఉదంతం చెబుతుంది.

1990ల నుంచి ఈ పనిని ప్రిన్స్‌టన్ రివ్యూ అనే సంస్థ ఏటా నిర్వహించింది. పేరులో సామ్యమే తప్ప దానికీ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికీ సంబంధం లేదు. మద్యం, మాదకద్రవ్యాల వాడకం, రోజుకు చదివే గంటలు, ‘ఫ్రాటర్నిటీ’లనే విద్యార్థి సోదరబృందాలకు ఉన్న ఆదరణ — వీటిపై విద్యార్థులిచ్చిన జవాబులను కలిపి ఆ సంస్థ స్థానాలను నిర్ణయించేది. మూడు వేర్వేరు విషయాలను ఒకే సంఖ్యలోకి కుదించిన ఈ పద్ధతిలో విద్యార్థి అసలు ఎంత తాగుతున్నాడన్నది కొలతకు రాదు. తన ప్రాంగణాన్ని గురించి అతడు ఏమనుకుంటున్నాడన్నదే వస్తుంది. ఈ జాబితాను మానుకోవాలని 2002లో అమెరికా వైద్యుల సంఘం బహిరంగంగా కోరింది. పత్రికలకు మాత్రం అది ఏటా దొరికే వార్తగానే మిగిలింది.

మూస కంటే పాతదైన అలవాటు

విద్యార్థి మద్యపానం ఇరవయ్యో శతాబ్దపు పతనమన్న వాదానికి చరిత్రలో ఆధారం లేదు. 1639లో హార్వర్డ్ తొలి అధిపతి నథానియల్ ఈటన్ పదవిని పోగొట్టుకున్న విచారణలో, ఆయన భార్య విద్యార్థులకు బీరు సరిగా అందించలేదన్నది కూడా ఒక ఫిర్యాదు. ఆనాడు తప్పు పోయనివారిదే. భోజనంలో భాగమైన బీరును కళాశాలే కాచి సరఫరా చేసేది. పందొమ్మిదో శతాబ్దంలో అసలు సమస్య మద్యం కంటే క్రమశిక్షణారాహిత్యం. జెఫర్సన్ స్థాపించిన వర్జీనియా విశ్వవిద్యాలయం 1825లో తెరచుకున్న ఏడాదిలోనే అల్లర్లను చూసింది. 1840లో ముసుగు ధరించిన విద్యార్థి కాల్పుల్లో ఆచార్యుడు జాన్ డేవిస్ మరణించాడు.

హెలెన్ హోరోవిట్జ్ 1987లో వెలువరించిన ‘క్యాంపస్ లైఫ్’ ఈ చరిత్రను అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. ఆమె దృష్టిలో అమెరికా ప్రాంగణంలో ఒకే విద్యార్థి సంస్కృతి ఎన్నడూ లేదు. సంపన్న కుటుంబాల ‘కాలేజీ కుర్రాళ్లు’, జీవనోపాధి కోసం చదువునే నమ్ముకున్న ‘బయటివారు’, రాజకీయ, కళారంగాల వైపు మొగ్గిన ‘తిరుగుబాటుదారులు’ పక్కపక్కనే జీవించారు. మూసలోకి ఎక్కింది మొదటి వర్గం ఒక్కటే. నవలలు, చలనచిత్రాలు, జాబితాలు అన్నీ ఆ వర్గాన్నే ‘విద్యార్థి’ అన్నాయి. ఇది యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. గ్రంథాలయంలో కూర్చున్నవాడి కథ అమ్ముడుపోదు.

రెండో ప్రపంచయుద్ధం తరువాత ఈ అమరిక కొంతకాలం తలకిందులైంది. 1944 నాటి జి.ఐ. బిల్లు వల్ల మాజీ సైనికులు కళాశాలలకు వెల్లువలా వచ్చారు. 1947 నాటికి ప్రవేశం పొందినవారిలో దాదాపు సగం వారే. భార్యాబిడ్డలున్న ఆ విద్యార్థులకు సోదరబృందాల వేడుకల మీద ఆసక్తి తక్కువ, చదువు మీద పట్టుదల ఎక్కువ. సరిగ్గా ఆ తరుణంలోనే యేల్ పరిశోధకులు రాబర్ట్ స్ట్రాస్, సెల్డన్ బేకన్ 27 కళాశాలల్లో విస్తృత సర్వే జరిపి, 1953లో ‘డ్రింకింగ్ ఇన్ కాలేజ్’ ప్రచురించారు. తాగే విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ అలవాటును కళాశాలకు రాకముందే మొదలుపెట్టారనీ, కుటుంబ నేపథ్య ప్రభావం బలమైనదనీ వారు తేల్చారు. లోకం ఊహించినంత విచ్చలవిడితనం వారికి కనిపించలేదు.

బొమ్మకు రంగులద్దిన కాలం

నేటి మూసకు సూటిగా పునాది వేసింది 1970లు. 1961లో డిక్సన్ వర్సెస్ అలబామా తీర్పుతో, విద్యార్థుల మీద తల్లిదండ్రుల స్థానంలో అధికారం చెలాయించే హక్కు కళాశాలల చేతుల్లోంచి జారడం మొదలైంది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ 18 ఏళ్లవారికి ఓటు హక్కునిచ్చింది. 1970–75 మధ్య 29 రాష్ట్రాలు మద్యపాన వయోపరిమితిని తగ్గించాయి. 1978లో విడుదలైన ‘యానిమల్ హౌస్’ చిత్రం ఈ వాతావరణంలోనే విజయం సాధించింది. కథాకాలం మాత్రం 1962. రచయితల్లో ఒకరైన క్రిస్ మిల్లర్ డార్ట్‌మత్‌లోని తన సోదరబృందపు అనుభవాలను హాస్యకథలుగా మలిచినవాడు. అంటే సంపన్నుల కళాశాలలోని ఒక ఇంటి జ్ఞాపకం, పదహారేళ్ల తరువాత యావద్దేశపు విద్యార్థి చిత్రంగా చలామణి అయింది.

1984లో కేంద్రప్రభుత్వం రహదారి నిధులతో ముడిపెట్టి వయోపరిమితిని 21కి పెంచేలా రాష్ట్రాలను ఒత్తిడి చేసింది. 1988 నాటికి అన్ని రాష్ట్రాలూ లొంగాయి. దాంతో పట్టభద్రపూర్వ విద్యార్థుల్లో చాలామంది మద్యపానం చట్టవిరుద్ధమై, బహిరంగ స్థలాల నుంచి గదుల్లోకీ సోదరబృందాల ఇళ్లలోకీ తరలింది.

లెక్కలు చెప్పేది

1993లో హార్వర్డ్‌కు చెందిన హెన్రీ వెక్స్‌లర్ బృందం 140 కళాశాలల్లో 17,592 మంది విద్యార్థులను ప్రశ్నించింది. రెండు వారాల వ్యవధిలో పురుషులైతే ఒకే విడతలో ఐదు, స్త్రీలైతే నాలుగు పానీయాలు కనీసం ఒకసారైనా తాగితే అది అతిమద్యపానమని నిర్వచించింది. 44 శాతం మంది ఆ గీత దాటారు. పత్రికలు ఈ ఒక్క అంకెనే పట్టుకున్నాయి. అదే సర్వేలో, తాగనివారితోపాటు మితంగా తాగేవారిని కలిపితే సగానికి పైగా ఉన్నారు. కళాశాలల మధ్య తేడా మరీ ఆశ్చర్యకరం: అతిగా తాగేవారి వాటా ఒకచోట 1 శాతం, మరోచోట 70 శాతం. ఇంత విస్తృతిని ‘కళాశాల విద్యార్థి’ అనే ఒక్క మాటలో ఇమడ్చడం విశ్లేషణ అనిపించుకోదు. తరచుగా అతిగా తాగే సుమారు ఐదోవంతు మందే మొత్తం మద్యంలో మూడింట రెండు వంతులకు పైగా తాగుతున్నారని అదే బృందం తరువాత చూపింది.

నిర్వచనం మీద కూడా అభ్యంతరాలు వచ్చాయి. ఎంత సమయంలో, ఎంత బరువున్న వ్యక్తి తాగాడన్నది ఆ కొలతలో లేదు. అయినా సమస్యను కొట్టిపారేయడం సరికాదు. 18–24 ఏళ్ల విద్యార్థుల్లో మద్యసంబంధిత ప్రమాదాల వల్ల 2005లో సుమారు 1,825 మంది మరణించారని రాల్ఫ్ హింగ్సన్ బృందం అంచనా. వారిలో ఎక్కువమందిని బలిగొన్నవి రోడ్డు ప్రమాదాలు.

1975 నుంచి మిచిగన్ విశ్వవిద్యాలయం నిర్వహిస్తున్న ‘మానిటరింగ్ ద ఫ్యూచర్’ సర్వే మరో కోణాన్ని చూపుతుంది. ఉన్నత పాఠశాలలో ఉండగా, కళాశాలకు వెళ్లదలచినవారు తోటివారికంటే తక్కువ తాగుతారు. కళాశాలలో చేరాక వారిని మించిపోతారు. కనుక ప్రాంగణ ప్రభావం కట్టుకథ కాదు. అయితే 1980లో 44 శాతంగా ఉన్న అతిమద్యపానం 2020 తరువాత మూడోవంతు కంటే దిగువన ఉంది. మూస మాత్రం తగ్గలేదు.

చదువు విషయంలో మూసకు కొంత బలమైన ఆధారమే ఉంది. పూర్తికాల విద్యార్థులు తరగతి వెలుపల చదివే సమయం 1961లో వారానికి 24 గంటలుండగా, 2003 నాటికి 14 గంటలకు పడిపోయిందని ఫిలిప్ బాబ్‌కాక్, మిండీ మార్క్స్ నిరూపించారు. ఈ క్షీణత అన్ని శాఖల్లో, అన్ని రకాల కళాశాలల్లో కనిపించింది. అంటే దీనికి పార్టీ స్కూళ్లను తప్పుపట్టి తప్పించుకోలేం.

బొమ్మలో లేనివారు

పట్టభద్రపూర్వ విద్యార్థుల్లో సుమారు మూడోవంతు మంది కమ్యూనిటీ కళాశాలల్లో, ఎక్కువగా ఇంటి నుంచే వచ్చి, ఉద్యోగం చేసుకుంటూ చదువుతారు. చారిత్రకంగా నల్లజాతివారి కోసం ఏర్పడిన కళాశాలల్లో మద్యపానం తక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్లే వేలాది విద్యార్థుల్లో అత్యధికులు స్నాతకోత్తర తరగతులవారు; ప్రాంగణం వెలుపల అద్దె ఇళ్లలో సర్దుకునే వారి జీవితాన్ని ఈ జాబితాలు అసలు కొలవవు. ఇక్కడి తల్లిదండ్రుల భయం మాత్రం ఆ జాబితాల బొమ్మ నుంచే పుడుతుంది.

ఊహించుకున్న తోటివాడు

1986లో వెస్లీ పెర్కిన్స్, ఆలన్ బెర్కోవిట్జ్ ఒక చిన్న కళాశాలలో గమనించిన విషయం ఈ చర్చకంతటికీ కీలకం. తోటివారు తాగుడును ఎంత ఆమోదిస్తారో విద్యార్థులు అతిగా ఊహించుకుంటున్నారు. 1993లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డెబొరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ దీన్ని మరింత ముందుకు తీసుకెళ్లారు. ఆ అలవాటు పట్ల తనకున్న ఇబ్బంది తోటివారికి లేదని ప్రతి విద్యార్థీ భావిస్తున్నాడు. అందరూ లోలోపల ఒకేలా అనుకుంటూ, అందరూ తమను ఒంటరివారుగా లెక్కించుకుంటున్నారు. ఒక సెమిస్టరు గడిచేసరికి, లేని ఆ ఆమోదం వైపే పురుష విద్యార్థుల అభిప్రాయాలు జరిగాయి.

దీన్నిబట్టి నిజమైన లెక్కలు చెబితే తాగుడు తగ్గుతుందని ఆశించి అనేక విశ్వవిద్యాలయాలు గోడపత్రాల ప్రచారం చేపట్టాయి. నార్తర్న్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాటిలో ముందుంది. 2003లో వెక్స్‌లర్ బృందం ఈ ప్రచారాలకు ఫలితం లేదంది. 2006లో విలియం డిజాంగ్ బృందం ఉందని చూపింది. వివాదం తెగలేదు. ఊహ ప్రవర్తనను మలుస్తుందన్న మూలసూత్రం మాత్రం ఈ వివాదంలో దెబ్బతినలేదు.

ఎవరి ఖర్చుతో

ఎలిజబెత్ ఆర్మ్‌స్ట్రాంగ్, లారా హామిల్టన్ 2004లో మధ్యపశ్చిమ అమెరికాలోని ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, ఒక వసతిగృహపు అంతస్తులోని యువతులను ఐదేళ్లు అనుసరించి, 2013లో ‘పేయింగ్ ఫర్ ద పార్టీ’ రాశారు. విందుల సంస్కృతి యువత స్వభావం నుంచి దానంతటదే మొలకెత్తలేదని వారి పరిశీలన. రాష్ట్ర నిధులు తగ్గినకొద్దీ, పూర్తి రుసుము చెల్లించే బయటి రాష్ట్రాల సంపన్న కుటుంబాల పిల్లలను ఆకర్షించడానికి విశ్వవిద్యాలయమే తేలిక కోర్సులు, సోదరీబృందాలు, వారాంతపు ఖాళీలతో ఆ బాటను చదును చేసింది. తండ్రి పరిచయాలతో ఉద్యోగం దొరికే అమ్మాయికి తక్కువ మార్కులు అడ్డు కాలేదు. అదే బాటను అనుకరించిన సామాన్య కుటుంబపు అమ్మాయి అప్పుతో మిగిలింది. ఆ అంతస్తులోని కార్మిక కుటుంబాల యువతుల్లో ఒక్కరు కూడా ఐదేళ్లలో ఆ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పొందలేదు. మధ్యలో వదిలి, ఇంటికి దగ్గరగా ఉన్న, ఏ జాబితాకూ ఎక్కని ప్రాంతీయ ప్రాంగణాలకు మారినవారి పరిస్థితే వారికంటే మెరుగుపడింది.