కోవిడ్ ఆంక్షల కాలంలో భూకంపలేఖినుల నమోదులు

కోవిడ్-19 ఆంక్షల వలన 2020లో భూగర్భ శాస్త్రవేత్తల క్షేత్ర పర్యటనలు చాలావరకు నిలిచిపోయినవి. భూకంపలేఖినులు మాత్రం యథావిధిగా పనిచేసినవి.

వాహనాలు, కర్మాగారాలు, జనసంచారం వలన నేలలో కలుగు సూక్ష్మ ప్రకంపనలు ఆ కాలంలో గణనీయంగా తగ్గినట్లు బెల్జియం రాయల్ అబ్జర్వేటరీ శాస్త్రవేత్త థామస్ లెకాక్ నేతృత్వంలోని అంతర్జాతీయ బృందం నిర్ధారించినది. 2020 జులైలో 'సైన్స్' పత్రిక ప్రచురించిన ఈ అధ్యయనంలో 268 కేంద్రాల నమోదులను పరిశీలించగా, 185 కేంద్రాలలో తగ్గుదల స్పష్టమైనది. కొన్నిచోట్ల ఇది 50 శాతం వరకు ఉన్నది.

ఔత్సాహికులు ఇళ్లలో, పాఠశాలలలో నెలకొల్పుకొన్న 'రాస్ప్‌బెర్రీ షేక్' పరికరాల సమాచారం కూడ ఇందుకు తోడ్పడినది.

2020 ఏప్రిల్ 7న మెక్సికోలోని పెటాట్లాన్ సమీపంలో సంభవించిన 5.0 తీవ్రత గల భూకంపం 380 కిలోమీటర్ల దూరాన గల కెరెటారో నగర కేంద్రంలో స్పష్టంగా నమోదైనది. సాధారణ దినములలో ఇట్టి సంకేతాలు నగర సందడిలో మరుగునపడును. జనసమ్మర్ద నగరాల క్రింద దాగిన భ్రంశాలను గుర్తించుటకు ఇట్టి సంకేతాలు తోడ్పడగలవు.