బైబిలుకు అర్థం చెప్పే అధికారం: తెలుగునాట ఒక వివాదం పుట్టుపూర్వోత్తరాలు

సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే దారిలోని తిరుమలగిరి ప్రాంతంలోనైనా, దక్షిణాన కోదాడ, మిర్యాలగూడ వైపునైనా క్రైస్తవులందరూ బైబిలునే ప్రమాణంగా నమ్ముతారు గానీ, బాప్తిస్మం విషయంలో అందరూ ఒక్క తీరున నడవరు. 1976లో ఏర్పడిన నల్లగొండ మేత్రాసనానికి, అంటే ఒక కతోలిక పీఠాధిపతి పాలనలోని ప్రాంతానికి చెందినవారు పసిబిడ్డ తలపై నీరు పోయించి జ్ఞానస్నానం ఇప్పిస్తే, బాప్టిస్టులు తమ విశ్వాసాన్ని నోటితో ఒప్పుకోగల వయసు వచ్చినవారినే నీటిలో పూర్తిగా ముంచుతారు. ఇరుపక్షాలూ మత్తయి సువార్త చివరి అధ్యాయాన్నే ఆధారంగా చూపుతాయి. లేఖనానికి సరైన అర్థం ఏదో తేల్చవలసింది దాన్ని చదివే విశ్వాసా, లేక సంఘమా అన్న పాత వివాదం ఈ భేదానికి మూలం.

బైబిలులో ఏయే గ్రంథాలు ఉండాలన్నది 393లో హిప్పోలోనూ, 397లో కార్తేజిలోనూ జరిగిన సభలు నిర్ణయించాయి గనుక, గ్రంథాన్ని గుర్తించిన సంఘానికే దాని అర్థం చెప్పే హక్కు కూడా ఉందన్నది కతోలిక వాదం. 1521లో వోర్మ్స్ సభలో మార్టిన్ లూథర్ ఆ వాదాన్ని ఎదిరించి, పోపులూ సభలూ పొరబడవచ్చుననీ, తన మనస్సాక్షి లేఖనానికే కట్టుబడి ఉందనీ ప్రకటించాడు. అయితే 1529లో మార్బుర్గులో ఆయనా, స్విట్జర్లాండు సంస్కర్త జ్వింగ్లీ ముఖాముఖి కూర్చున్నప్పుడు, ప్రభురాత్రి భోజనంలో రొట్టెను గూర్చి క్రీస్తు పలికిన ఒక్క వాక్యం దగ్గర ఏకాభిప్రాయం కుదరక విడిపోవలసి వచ్చింది. సంఘం ఎరిగిన అర్థానికి విరుద్ధంగా ఎవరూ సొంత అర్థం చెప్పరాదని 1546లో ట్రెంట్ సభ శాసించింది. 1965లో రెండవ వాటికన్ సభ విశ్వాసులందరినీ బైబిలు చదవమని ప్రోత్సహించినా, అధికారికంగా అర్థం చెప్పే బాధ్యతను మాత్రం పీఠాధిపతుల బోధనాధికారానికే ఉంచింది.

సొంతంగా అర్థం చెప్పుకోవాలంటే ముందు గ్రంథం సొంత భాషలో ఉండాలి. మద్రాసులో ఉండిన బెంజమిన్ షుల్జ్ 1732 నాటికే బైబిలును తెలుగు చేసినా అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజిలు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో చేసిన సువార్తల అనువాదం 1812లో శ్రీరాంపూరులోనూ, ప్రిచెట్ కొత్త నిబంధన 1818లో మద్రాసులోనూ వెలువడ్డాయి. 1854 నాటికి బైబిలు మొత్తం తెలుగులోకి వచ్చింది. అయినా చదువు రాని పల్లెల్లో గ్రంథం చదివి వినిపించేవాడూ, అర్థం చెప్పేవాడూ మిషను జీతం మీద ఉన్న ఉపదేశే కావడంతో, సొంత వ్యాఖ్యానమన్నది చాలాకాలం చాలామందికి అందని హక్కుగానే మిగిలింది.

సూర్యాపేట ప్రాంతానికి సువార్త తెచ్చినవారి పూర్వీకులు స్వయంగా ఈ వివాదంలోంచి పుట్టినవారే. 1525లో జ్యూరిచ్‌లో కొందరు, కొత్త నిబంధనలో శిశు బాప్తిస్మం కనిపించదని చెప్పి, జ్వింగ్లీనీ నగర మండలినీ ధిక్కరించి పెద్దవయసులో మళ్లీ బాప్తిస్మం పొందారు. వారి పరంపరలో రష్యాలో స్థిరపడిన మెనొనైట్లలోంచి 1860లో మరికొందరు, పాత సంఘం లేఖనం నుంచి తొలగిందంటూ వేరుపడి మెనొనైట్ బ్రెదరెన్‌గా ఏర్పడ్డారు. ఆ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ 1889లో భారతదేశానికి వచ్చి, అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనుతో కలిసి నల్లగొండలో పని ప్రారంభించగా, తరువాత వచ్చిన అబ్రహాం హ్యూబర్ట్ సూర్యాపేటలో కేంద్రం నెలకొల్పాడు. ప్రతి స్థానిక సంఘమూ స్వతంత్రమనీ, విశ్వాసి మనస్సాక్షిపై బిషప్‌కు అధికారం లేదనీ బాప్టిస్టు సిద్ధాంతం చెబుతున్నా, నిధులూ నియామకాలూ మిషనరీ చేతిలో ఉన్నంతకాలం ఆ స్వాతంత్ర్యం చాలామేరకు కాగితం మీదనే ఉండిపోయింది.

ఈ అంతరమే 1938 నుంచి తెలుగునాట మూడు తిరుగుబాట్లకు తావిచ్చింది. లూథరన్ సంఘంలో బోధకుడైన ముంగమూరి దేవదాసు 1938లో రాజమండ్రిలో తనకు దైవ ప్రత్యక్షత కలిగిందని ప్రకటించి, బైబిలు మిషనును స్థాపించారు. సందేహం కలిగినప్పుడు మనుషుల తీర్పుపై ఆధారపడక, దేవుని సన్నిధిలో కనిపెట్టి ఆయననే అడగాలన్నది ఆయన బోధ. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన భక్త్‌సింగ్ 1941లో మద్రాసులో ఆరంభించిన సహవాసం, తరువాత హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా తెలుగు జిల్లాలన్నిటా వ్యాపించింది. చెప్పులు బయట విడిచి, చాపలపై కూర్చొని చేసే ఆ ఆదివారపు ఆరాధనలో, గురుపట్టం అక్కరలేకుండానే సహోదరులు ఒకరి తరువాత ఒకరు లేచి ప్రార్థిస్తారు. మునిపల్లె నివాసి కలగర సుబ్బారావు మరింత ముందుకు వెళ్లి, 1942లో కలిగిన దర్శనం తరువాత క్రీస్తును గురువుగా కొలుస్తూనే బాప్తిస్మాన్నీ, సంఘాన్నీ, పాదరీలనూ నిరాకరించారు.

ఈ చరిత్రను వరుసగా చూస్తే, సంఘాధికారాన్ని కాదని బయటికి వచ్చిన ఉద్యమాలు అధికారాన్ని రద్దు చేయలేదనీ, దాన్ని మరొక చోటికి మార్చాయనీ తెలుస్తుంది. హెబ్రోనులో బిషప్ లేకపోయినా పెద్దల మాట చెల్లుతుంది. బైబిలు మిషనులో స్థాపకుని రచనలే దారి చూపుతాయి. ఏ సంఘానికీ చెందని పాస్టరు మైకులో చెప్పే అర్థాన్ని ప్రశ్నించడానికి మేత్రాసనంలో ఉన్నపాటి విచారణ మార్గం కూడా చాలాచోట్ల ఉండదు. బెరయ పట్టణస్థులు అపొస్తలుడైన పౌలు బోధను సైతం లేఖనాలతో సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యములు మెచ్చుకుంటున్నది. కాబట్టి అర్థం చెప్పేవాడు పీఠాధిపతి అయినా, పాస్టరు అయినా, ఒంటరి పాఠకుడైనా, తన వ్యాఖ్యానాన్ని ఇతరుల పరిశీలనకు నిలబెట్టినప్పుడే దానికి విలువ ఉంటుంది. ఆ పరిశీలనకు ఒప్పుకోని వ్యాఖ్యానాన్ని, అది ఎవరిదైనా సరే, విశ్వాసి అంగీకరించవలసిన పని లేదు.