నూగు నలగని ఫ్రేము

శ్రావణ శుద్ధ విదియ వస్తోందంటే రత్నగిరి మీద ఆవిర్భావ దినోత్సవపు హడావుడి మొదలవుతుంది. 1891లో, ఖర నామ సంవత్సరంలో, ఆ తిథినాడే అన్నవరంలో సత్యదేవుడు వెలిశాడు. ఈరంకి ప్రకాశరావుకీ, గోర్స, కిర్లంపూడి ఎస్టేట్ల జమీందారు ఇనుగంటి వారికీ స్వామి ఒకే రాత్రి కలలో కనిపించాడని స్థలపురాణం. ఇప్పటి రథాకారపు ఆలయం 1934 నాటిది. వ్రతం చేసుకున్నవాళ్ళు గోధుమరవ్వ ప్రసాదంతో పాటు స్వామివారి పటమూ పట్టుకుని కొండ దిగుతారు. పటమంటే బొమ్మ ఒక్కటే కాదు, దాన్ని కట్టిన తీరు కూడా. మఖమల్ గుడ్డ మీద వేసిన బొమ్మ విషయంలో ఈ మాట మరీ నిజం.

శతాబ్దాలపాటు మనవాళ్ళ బొమ్మలకు ఫ్రేముతో పని పడలేదు. శ్రీకాళహస్తి కలంకారీని మడిచి దాచేవారు. చేర్యాల నకాషీ పటాన్ని చుట్టి చంకన పెట్టుకుని ఊరూరా కథ చెప్పేవారు. తంజావూరు బొమ్మలు వచ్చాక సంగతి మారింది. చెక్క మీద అతికించిన గుడ్డపై సుద్దతో ఉబ్బెత్తుగా దిద్ది, బంగారు రేకు వేసి, రాళ్ళు పొదిగితే, దాన్ని పట్టి ఉంచడానికి లోతైన చట్రం కావాల్సి వచ్చింది.

సామాన్యుడి గోడ మీదికి దేవుడు వచ్చింది మాత్రం రాజా రవివర్మ పుణ్యాన. సత్యదేవుడు వెలసిన మూడేళ్ళకు, 1894లో, బొంబాయిలో రవివర్మ ముద్రణాలయం మొదలైంది. యంత్రాలూ, పనివాళ్ళూ జర్మనీ నుంచి వచ్చారు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. రాయి మీద రాయి అచ్చుపడుతూ పోతే చివరికి లక్ష్మీ సరస్వతులు తేలేవారు. తర్వాత ముద్రణాలయం లోనావాలా దగ్గరి మళవలికి తరలింది. రవివర్మ దాన్ని జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కు అమ్మేశాడు. అయినా బొమ్మలు ఆగలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఆ తర్వాతిది. ఇంటికి తెచ్చుకున్న కాగితపు దేవతకు చీర కట్టారు! మఖమల్ ముక్క కత్తిరించి చీరగా అతికించి, అంచుకు జరీ కుట్టి, మెడలో పూసలు, కిరీటానికి చమ్కీలు అద్దారు. ముఖమూ చేతులూ అచ్చులోవే, ఒంటిమీద నగా నట్రా మాత్రం ఇంటివాళ్ళు పెట్టినవి. ఎక్కడో అచ్చయిన అమ్మవారు ఆ అలంకారంతో ఆ ఇంటి అమ్మవారైపోయేది. పటం కట్టేవాళ్ళ పనితనం బయటపడింది అక్కడే. అద్దాన్ని బొమ్మకు ఆనించి బిగిస్తే చీర నలుగుతుంది, పూసలు చిట్లుతాయి. అందుకని అద్దానికీ బొమ్మకీ మధ్య నాలుగు వైపులా సన్నని చెక్కపట్టీలు దించారు. ఆ కాస్త ఖాళీలోనే దేవత కొలువుదీరింది.

మఖమల్ బొమ్మకు ఈనాటికీ అదే సూత్రం. అమెరికాలో పుట్టి 1930లలో తాహితి చేరిన ఎడ్గర్ లీటెగ్ నల్ల మఖమల్ మీద బొమ్మలకు ప్రపంచమంతా పేరు తెచ్చాడు. రంగు పలచగా వేసి, గుడ్డ నలుపునే నీడగా వదిలేయడంలో ఉంది ఆ బొమ్మల అందమంతా. నూగు నిలబడి ఉంటేనే ఆ నీడకు లోతు. అద్దం తగిలి నూగు అణిగిందా, మళ్ళీ లేవడం కష్టం.

పూజగదిలో పెట్టే పటానికి అద్దం తప్పదు. పసుపు, కుంకుమ, హారతి మసి నూగులోకి దిగితే వదలవు. అద్దానికీ గుడ్డకీ మధ్య కనీసం పావు అంగుళం ఎడం ఉంచమనాలి. హాల్లో పెట్టే బొమ్మకైతే అద్దం లేకపోవడమే మేలు. నల్లటి గుడ్డ మీద అద్దం పడితే బొమ్మ బదులు ఎదుటి కిటికీ, మన ముఖం కనిపిస్తాయి. మెత్తని కుంచెతో దుమ్ము దులుపుకుంటే చాలు. నలుపు పక్కన నల్ల ఫ్రేము కలిసిపోతుంది. టేకు చెక్కకు లోపలి అంచున సన్నటి బంగారు గీత ఉంటే బొమ్మ విడిగా నిలుస్తుంది. మన గోదావరి ప్రాంతపు వానాకాలపు తేమకు గుడ్డ బూజు పడుతుంది కాబట్టి, వెనక కింది మూలల్లో చిన్న రబ్బరు బిళ్ళలు అతికించి గోడకు ఎడంగా వేలాడదీయాలి.

ఇక ఈ కాలానికి వస్తే వరుస చెప్పడం కష్టం. శివకాశి క్యాలెండరు, లామినేషన్, ఫైబర్ బీడింగు, చుట్టూ వెలిగే ఎల్‌ఈడీ దీపాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, ఏదీ ముందుదాన్ని పూర్తిగా తుడిచేయలేదు. వేసవి సెలవుల్లో మఖమల్ మీద నెమళ్ళు, రాధాకృష్ణులు వేసిన చేతులు ఇప్పుడు తగ్గాయి. ఆ బొమ్మలు మాత్రం చాలా ఇళ్ళలో బీరువాల మీద పడి ఉన్నాయి. వాటిని కిందికి దించండి. బొమ్మ బాగుండి ఫ్రేము పాడైతే, పాత కొలతకే కొత్తది బిగించి ఊరుకోకండి. లోతు పెంచమని పటం కట్టేవాళ్ళకు గట్టిగా చెప్పండి. ఖర్చు కాస్త పెరుగుతుంది, నిజమే. అమ్మో, అత్తో నెలల తరబడి కూర్చుని వేసిన బొమ్మకు ఆ మాత్రం చోటివ్వడం మన బాధ్యత.