చిల్లర చెప్పే చాడీలు

క్రిప్టో అనగానే మనవాళ్ళలో చాలామంది చెప్పే మాట ఒక్కటే. "ఎవడు పంపాడో, ఎవడికి పంపాడో ఎవరికీ తెలీదట, దొంగ డబ్బుకి భలే వాటం" అని. టీవీ చర్చల్లో పెద్దలదీ అదే మాట, ఆఫీసు క్యాంటీన్లో కుర్రాళ్ళదీ అదే మాట. నిజం దీనికి సరిగ్గా తలకిందులు. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదలైన దగ్గర్నుంచి జరిగిన ప్రతి లావాదేవీని, ఎంత మొత్తమో సహా, ఎవరైనా దించుకుని చదువుకోవచ్చు. మీ బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్స్ తీసి రచ్చబండ దగ్గర అంటించి, పేరున్న చోట మాత్రం ఓ కాగితం ముక్క అతికించినట్టన్నమాట. ఆ ముక్క ఊడిందా, ఇక అంతే సంగతులు.

అది ఎలా ఊడుతుందో, ఊడకుండా ఉంచడానికి ఎవరెవరు ఏం చేశారో చెప్పాలంటే బిట్‌కాయిన్ కంటే చాలా వెనక్కి, 1982కి వెళ్ళాలి.

ఆ ఏడాది డేవిడ్ చౌమ్ అనే అమెరికన్ ఒక పేపర్ రాశాడు. విషయం: బ్యాంకు సంతకం పెట్టాలి, కానీ దేని మీద పెడుతోందో దానికి తెలియకూడదు! వినడానికి పిచ్చి మాటలా ఉంది కదా. కానీ ఇలా ఆలోచించండి. ఒక కాగితం మీద మీరే ఓ పెద్ద నంబరు రాసుకుని, దాని మీద కార్బన్ పేపరు పెట్టి, కవర్లో పెట్టి అంటించి బ్యాంకుకిచ్చారు. బ్యాంకు మీ ఖాతాలోంచి వంద కోసుకుని కవరు మీద సంతకం పెట్టింది. కార్బన్ పుణ్యమా అని అది లోపలి కాగితం మీదా పడింది. ఇంటికొచ్చి కవరు చింపితే చేతిలో వంద నోటు రెడీ. రేపు కొట్టువాడు ఆ నోటు పట్టుకెళితే బ్యాంకు సంతకం నాదే అని ఒప్పుకుంటుంది, ఆ నంబరు ఇదివరకు వచ్చిందేమో చూసుకుంటుంది (ఒకే నోటు రెండుసార్లు ఖర్చుపెట్టకుండా), డబ్బు ఇచ్చేస్తుంది. ఆ నోటు ఎవరికిచ్చిందో మాత్రం చెప్పలేదు. బీటెక్‌లో ఆర్‌ఎస్‌ఏ చదివినవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే.. ఒక ర్యాండమ్ నంబరుని బ్యాంకు పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి, దాంతో మన నంబరుని గుణించి సంతకానికి ఇస్తాం. సంతకం అయ్యాక ఆ ర్యాండమ్ నంబరుతో భాగించేస్తాం. అంతే. మా సెమిస్టర్ పరీక్షల్లో ఆర్‌ఎస్‌ఏ మీద పదహారు మార్కుల ప్రశ్న వచ్చేది కానీ, దీంతో ఇంత అందమైన పని చేయొచ్చని ఏ మాస్టారూ చెప్పలేదు :)

చౌమ్ ఊరుకోకుండా ఆమ్‌స్టర్‌డామ్‌లో డిజిక్యాష్ అనే కంపెనీ పెట్టాడు. 1995లో అమెరికాలో మార్క్ ట్వైన్ బ్యాంకు ఆ డబ్బుని తన ఖాతాదారులకి ఇచ్చింది కూడా. కానీ జనం క్రెడిట్ కార్డుతోనే సర్దుకున్నారు, 1998లో కంపెనీ దివాలా తీసింది. కంపెనీతో పాటు ఆ డబ్బూ పోయింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికీ కీలకం ఇదే. చౌమ్ దగ్గర గోప్యత ఉంది, కానీ మధ్యలో ఓ బ్యాంకు బతికుండాలి.

పదేళ్ళ తర్వాత, 2008 అక్టోబర్ 31న, సతోషి నకమోటో ఆ బ్యాంకుని తీసేశాడు. బాగానే ఉంది. కానీ బ్యాంకు లేకపోతే ఒకే కాయిన్ రెండుసార్లు ఖర్చవలేదని చూసేదెవరు? అందరూ చూడాలి. అందరూ చూడాలంటే చిట్టా అందరికీ కనబడాలి. అలా చౌమ్ సాధించిన గోప్యతని సతోషి పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇది ఆయనకి తెలియక కాదు. తొమ్మిది పేజీల ఆ పేపర్లో పదో విభాగం గోప్యత గురించే. ప్రతి లావాదేవీకీ కొత్త కీ వాడమన్నాడు. అయినా కొన్ని ముడులు బయటపడక తప్పదనీ ఆయనే రాసి పెట్టాడు.

ఆ ముడి ఏంటంటే.. బిట్‌కాయిన్ వాలెట్లో బ్యాలెన్స్ అనేది నిజానికి ఉండదు. మన జేబులో నోట్లలాగా విడివిడి ముక్కలుంటాయి. మీ దగ్గర ఒక బిట్‌కాయిన్ ముక్క ఉంది, ఎవరికో 0.3 పంపాలి. ముక్క మొత్తం ఖర్చవుతుంది, 0.3 అవతలివాడికి వెళుతుంది, ఫీజు పోను మిగతా చిల్లర మీదే ఇంకో అడ్రస్‌కి తిరిగొస్తుంది. చూసేవాడికి 0.3 ఒకవైపు, 0.69తో మొదలయ్యే వంకర సంఖ్య ఇంకోవైపు కనబడతాయి. ఏది చెల్లింపో ఏది చిల్లరో పసిపిల్లాడైనా ఊహిస్తాడు. ఇక ఒక ముక్క చాలక మూడు ముక్కలు కలిపి పంపారనుకోండి, ఆ మూడు అడ్రస్‌లూ మీవేనని మీరే చాటింపు వేసుకున్నట్టు.

2013లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాన్ డియేగోకి చెందిన సారా మైకిల్‌జాన్, ఆమె సహచరులు చేసింది ఇదే. తామే రకరకాల ఎక్స్‌చేంజిలతో, దుకాణాలతో 344 లావాదేవీలు జరిపి, ఏ అడ్రస్ ఎవరిదో కొన్ని గుర్తుపట్టారు. ఒక అడ్రస్ పేరు తెలిస్తే చాలు, చిల్లర సాక్ష్యంతో దాని గుంపు మొత్తానికీ పేరు పడిపోతుంది. హ్యాకింగ్ లేదు, ఏమీ లేదు. ఓపిగ్గా చదవడమే.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ సిల్క్ రోడ్ కేసు. నడిపిన రాస్ ఉల్‌బ్రిక్ట్ కథ అందరూ చెబుతారు. నేను చెప్పేది అతన్ని పట్టుకోవడానికి వెళ్ళిన పోలీసుల గురించి. బాల్టిమోర్ దర్యాప్తు బృందంలో కార్ల్ ఫోర్స్ అనే మాదక ద్రవ్యాల విభాగం ఏజెంటు, షాన్ బ్రిడ్జెస్ అనే సీక్రెట్ సర్వీస్ ఏజెంటు ఉండేవారు. వీళ్ళు కూడా 'ఎవరికీ తెలీదట' బాపతే. ఒకడు లోపలి సమాచారం ఉల్‌బ్రిక్ట్‌కే అమ్ముకున్నాడు. ఇంకొకడు అరెస్టయిన ఉద్యోగి లాగిన్ వాడి సుమారు 20,000 బిట్‌కాయిన్లు లాగేశాడు. చిట్టా ఎక్కడికీ పోదు కదా! 2015లో ఇద్దరూ దొరికారు. ఒకడికి 78 నెలలు, ఇంకొకడికి 71 నెలలు శిక్ష పడింది.

"దొంగలు దొరికారు, మంచిదేగా, మనకేంటి?" అంటారా. చిట్టా దొంగా దొర అని చూడదండీ. విదేశీ క్లయింటు దగ్గర క్రిప్టోలో డబ్బు తీసుకునే ఫ్రీలాన్సర్‌ని తీసుకోండి. ఆ క్లయింటుకి ఈయన అడ్రస్ తెలుసు. మిగతా క్లయింట్లు ఎంతిస్తున్నారో, ఎంత దాచాడో చూసుకుని మరీ రేటు బేరమాడొచ్చు. ఇది చిన్న నష్టం. 2025 జనవరిలో ఫ్రాన్స్‌లో లెడ్జర్ అనే వాలెట్ కంపెనీ సహ వ్యవస్థాపకుడు డేవిడ్ బాలాన్‌ని ఇంట్లోంచి ఎత్తుకెళ్ళి, డబ్బు కోసం వేలు నరికారు. అదే ఏడాది మేలో కాయిన్‌బేస్ సంగతి బయటపడింది. కస్టమర్ సపోర్ట్ సిబ్బందికి లంచమిచ్చి, 69 వేల పైచిలుకు ఖాతాదారుల వివరాలు లాగేశారు. పేర్లు, ఇంటి అడ్రస్‌లతో సహా. ఆ కేసులో ఒక మాజీ ఉద్యోగిని డిసెంబరులో అరెస్టు చేసింది ఎవరనుకున్నారు? మన హైదరాబాద్ పోలీసులే. చిట్టాలో మొత్తం ఎటూ కనబడుతుంది, దానికి ఇంటి నంబరు కూడా తోడైతే ఏమవుతుందో ఆలోచించండి.

దీనికి విరుగుళ్ళు చాలానే వచ్చాయి. 2013లో గ్రెగరీ మాక్స్‌వెల్ కాయిన్‌జాయిన్ అన్నాడు. పదిమంది ఒకే విలువ నోట్లు కలిపి హుండీలో వేసి, తలా ఒకటి తీసుకోవడం. మొత్తాలు సమానంగా లేకపోతే పని చెయ్యదు. 2014లో మొనెరో వచ్చింది, పంపినవాణ్ణి కొన్ని దొంగ సాక్షుల మధ్య దాచేస్తుంది. 2017 నుంచి మొత్తాన్నీ దాస్తోంది. 2016లో వచ్చిన జీక్యాష్ గణితం వీటన్నిటికంటే గొప్పది, కానీ గోప్యతని ఐచ్ఛికం చేసింది. ఐచ్ఛికం అంటే జనం వాడరు. వాడిన కొద్దిమంది గుంపు లేక ప్రత్యేకంగా కనబడిపోతారు. డిఫాల్ట్ సెట్టింగ్ విలువేంటో మనకి వేరే చెప్పాలా?

ఇక ఎథీరియంలో టొర్నాడో క్యాష్. ఉత్తర కొరియా హ్యాకర్లు దాన్ని విపరీతంగా వాడారు, కాదనను. 2024 జూలైలో మన వజీర్‌ఎక్స్ నుంచి పోయిన సుమారు 23 కోట్ల డాలర్ల సొమ్ము కూడా అందులోకే వెళ్ళింది. మరోపక్క, ఎథీరియం సృష్టికర్త విటాలిక్ బుటెరిన్ ఉక్రెయిన్‌కి విరాళం పంపడానికి తానూ దాన్నే వాడానని చెప్పాడు. తీసుకునేవాళ్ళకి ప్రమాదం రాకూడదు కదా. 2022 ఆగస్టు 8న అమెరికా దాన్ని నిషేధ జాబితాలో పెట్టింది. మనిషిని కాదు, కంపెనీని కాదు, ఎవరూ మార్చలేని ప్రోగ్రాముని! రెండు రోజుల తర్వాత డెవలపర్ అలెక్సీ పెర్ట్‌సేవ్‌ని ఆమ్‌స్టర్‌డామ్‌లో (అవును, చౌమ్ కంపెనీ పెట్టిన ఊరే) అరెస్టు చేశారు. 2024 మేలో అక్కడి కోర్టు 64 నెలలు శిక్ష వేసింది. 2024 నవంబరులో అమెరికా అప్పీళ్ళ కోర్టు ఆ నిషేధం చెల్లదంది, 2025 మార్చిలో జాబితాలోంచి తీసేశారు. అయినా అదే ఏడాది ఆగస్టులో ఇంకో డెవలపర్ రోమన్ స్టార్మ్‌ని న్యూయార్క్ జ్యూరీ ఒక అభియోగంలో దోషి అంది. మిగతా రెండింటి మీద ఏకాభిప్రాయం కుదరలేదు. రాసిన కోడ్‌ని ఎవడో దుర్వినియోగం చేస్తే రాసినవాడు జైలుకెళ్ళడం నాకు మింగుడుపడదు. ఫీజులతో లాభం తీసుకుంటూ కళ్ళు మూసుకున్నారన్న వాదనలో కొంత బలముందనీ ఒప్పుకుంటాను.

మన దేశంలో అయితే ప్రభుత్వానికి తెలియకుండా అన్న ప్రశ్నే లేదు. 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్. 2023 మార్చి నుంచి ఎక్స్‌చేంజిలు మనీలాండరింగ్ చట్టం కిందకొచ్చాయి. కట్టాల్సింది కట్టండి. నేను మాట్లాడేది పక్కింటివాడి నుంచి, క్లయింటు నుంచి, వేలు నరికేవాడి నుంచి దాచుకోవడం గురించి. దానికి నిషేధ జాబితాల దాకా వెళ్ళక్కర్లేదు. సతోషి 2008లో చెప్పినట్టు ప్రతిసారీ కొత్త అడ్రస్ ఇవ్వడం, పంపేటప్పుడు ఏ ముక్క ఖర్చవ్వాలో వాలెట్లో మనమే ఎంచుకోవడం (స్పారో లాంటి వాలెట్లలో ఈ సౌకర్యం ఉంది), జీతం ముక్కనీ దాచుకున్న ముక్కనీ ఒకే లావాదేవీలో కలపకపోవడం. వచ్చిన చిల్లర ఏ అడ్రస్‌కి చేరిందో పక్కన ఓ ముక్క రాసి పెట్టుకుంటే, తర్వాత పన్ను లెక్కలప్పుడూ అదే పనికొస్తుంది.