సంబోధన నుండి శ్రవణం వైపు: గోదావరి సీమ బాలసాహిత్యంలో పిల్లల మాట

కీలక పదాలు: బాలసాహిత్యం, సంబోధన, చింతా దీక్షితులు, చలం, బాలానందం, కోనసీమ.

ప్రస్తావన

పెద్దలు పిల్లలకు ఏం చెప్పారన్న దృష్టితోనే తెలుగు బాలసాహిత్య చరిత్రను సాధారణంగా పరిశీలిస్తాం. పిల్లల మాటను పెద్దలు ఎంతవరకు విన్నారన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. ఇందుకు శతక మకుటాలే తొలి ఆధారం. ‘కుమారా’, ‘కుమారీ’ అన్న సంబోధనలు బిడ్డను శ్రోతగా నిలుపుతాయి. ఆ శ్రోత బదులు పలికే చోటు పద్య నిర్మాణంలో లేదు.

దీక్షితులు, చలం

1891లో దంగేరులో జన్మించిన చింతా దీక్షితులు ఈ దిశను మార్చినవారిలో ముఖ్యులు. ‘సూరి సీతి వెంకి’ అన్న పేరులో ఉన్నవి పిల్లలు ఒకరినొకరు పిలుచుకొనే పేర్లు. ‘లక్కపిడతలు’ వారి ఆటవస్తువులు. నీతి స్థానంలో పిల్లల లోకమే శీర్షికకెక్కింది. ఆయన మిత్రుడు చలం ‘బిడ్డల శిక్షణ’లో పెద్దల అధికారాన్నే విమర్శకు పెట్టాడు. ఇద్దరూ విద్యాశాఖలో పనిచేసినవారే కావడం గమనార్హం. బడిని లోపలి నుండి చూసిన అనుభవం వారి రచనలకు నేపథ్యం.

రేడియో, ‘బాల’ పత్రిక

దీక్షితుల రచనలోనూ పిల్లల మాట పెద్దల కలం ద్వారానే వినిపించింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో పిల్లల గొంతుకే చోటిచ్చారు. గురుస్థానం కాక ‘అన్నయ్య’, ‘అక్కయ్య’ అన్న వరుసలను స్వీకరించడం వల్ల వినేవారికీ చెప్పేవారికీ నడుమ దూరం తగ్గింది. 1945లో వారి ‘బాల’ పత్రికలో ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ అచ్చయింది. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్లు. కథ పేరు ‘అమ్మ మాట వినకపోతే’. చోటు దొరికినప్పుడు కూడా బాలుడి కలం నుండి తొలుత వెలువడిన శీర్షిక పెద్దల హెచ్చరికే. అవకాశం ఇచ్చినంత మాత్రాన పిల్లల సొంతమాట వెంటనే రాదని, దానికి కాలమూ నమ్మకమూ కావాలని ఈ శీర్షిక సూచిస్తుంది.

వర్తమాన సందర్భం

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పన్నెండవ అధికరణం, తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కును పిల్లలకు గుర్తించింది. భారతదేశం 1992లో దీనిని అంగీకరించింది. కోనసీమలో ఈ హక్కుకు ప్రత్యేకమైన అర్థముంది. అమలాపురం, రాజోలు ప్రాంతాల నుండి ఎందరో తల్లులు ఇంటిపనులకై గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. పిల్లలు అమ్మమ్మల, నాయనమ్మల దగ్గర పెరుగుతున్నారు. ‘అన్నం తిన్నావా, బడికెళ్లావా’ అని ఫోనులో తల్లి అడిగితే ‘ఆ’ అన్న ఒక్క అక్షరంతో సంభాషణ ముగిసిపోవచ్చు. పనిచేసే ఇంటివారు ఇచ్చిన కాస్త సమయంలో మాట్లాడే తల్లిని ఇందుకు తప్పుపట్టలేం. మిగిలిన మాట వినే బాధ్యత ఇంటివద్ద ఉన్న పెద్దలది, ఉపాధ్యాయులది.

ముగింపు

మకుటం నుండి రేడియో వరకు సాగిన ఈ మార్పు తెలుగు తరగతిలో ఇంకా పూర్తికాలేదు. వ్యాసరచన పేరుతో నల్లబల్ల మీది వాక్యాలను ఎత్తిరాయించడం శతక సంబోధనకు కొనసాగింపే. పిల్లలు తమ ఇంటి సంగతిని తమ యాసలో చెప్పగా చివరివరకు విని, ఆ తరువాతే అక్షరదోషాలు దిద్దడం దీక్షితులు చూపిన దారికి చేరువైన బోధన.